ఆ తొమ్మిదింటి పేరు పచ్చ

నా భార్య పోయిన నెలలో ఒక మంగళవారం ఉదయం కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లోని మా ఇంట్లో కన్నుమూసింది. నేను వంటింట్లో టీ వడకడుతున్నాను. మా అమ్మాయి గదిలోంచి పిలిచింది. వెళ్ళేసరికి అయిపోయింది.

మర్నాడు పత్రికలన్నీ రాశాయి. బెంగాలీ పత్రికలు మూడింటి శీర్షికల్లో ఒకే మాట ఉంది: పొచా. ఆ భాషలో దానికి కుళ్ళిన అని అర్థం. చేపల బజారులో రోజూ వినపడే మాట. ఆమెకు పేరు తెచ్చిన తొలి తొమ్మిది చిత్రాలూ లోకానికి ఆ పేరుతోనే తెలుసు.

ఆమె పెట్టిన పేరు అది కాదు. ఆమె పెట్టిన పేరు పచ్చ. దాన్ని పొచా చేసింది నేను. పోయే ముందు ఆమె నన్ను కోరింది ఒక్కటే, ఆ తొమ్మిదింటికీ పేరు సరిచేయమని. ఆమె పోయిన మూడు వారాలకే సంస్మరణ ప్రదర్శన పెట్టారు. ఈ సంచిక సంపాదకులు ఆమె గురించి రాయమన్నప్పుడు, రాయడం అలవాటు లేకపోయినా సరేనన్నది అందుకే. ముందుగా తెలుగువాళ్ళకు చెప్పుకోవాలి.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ పేరు పత్రికలది. ఇంట్లో నేనెప్పుడూ దాంతో పిలవలేదు. "ఇదిగో" అనేవాణ్ణి. పలికేది.

ఆమె వాట్‌గంజ్‌లో పుట్టింది. తండ్రి రేవులో ఖలాసీ, ఓడల మరమ్మతు దగ్గర పని. శ్రీకాకుళం వైపు ఒక పల్లె నుంచి కుర్రతనంలోనే వచ్చేశాడు. ఓడలకు వేయగా డబ్బాల అడుగున మిగిలిన రంగు ఆయన ఇంటికి తెచ్చేవాడు. తుప్పు పట్టకుండా ముందు వేసే ఎరుపు, ఆపైన వేసే బూడిద. ఆ రెండు రంగులే ఆమె బాల్యం. కాగితం దొరికేది కాదు. రేకు ముక్కల మీద వేసేది. రేవు పంపు దగ్గర నీళ్ళ వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు, బిందెలు, మళ్ళీ ఆడవాళ్ళు. ముఖాల్లో కళ్ళూ ముక్కూ ఉండేవి కావు. "మొకాలకి రంగు సాలనేదు" అని నాతో చెప్పింది. తర్వాత పండితులు దాని మీద పెద్ద వ్యాసాలు రాశారు.

మా తెలుగు చర్చిలో క్రిస్మస్‌కు గోడ మీద గొర్రెల కాపరి బొమ్మ వేయమని పాస్టరుగారు ఆమెను అడిగారట. అప్పటికి పదమూడేళ్ళు. వేసింది. ఆయన చూసి, "అమ్మాయ్, ఇవి గొర్రెలా మేకలా?" అన్నారు.

"వాట్‌గంజ్‌లో గొర్రెలెక్కడున్నాయండీ? నాను సూసినవి మేకలే."

"బైబిల్లో గొర్రెలూ మేకలూ ఒకటి కాదమ్మా. కుడివైపు ఎవరో, ఎడమవైపు ఎవరో తెలుసు కదా!"

"తీర్పు దినం నాడు ఆయనే ఏరుకుంటాడులెండి, మనకెందుకు?"

పాస్టరుగారు నవ్వి ఊరుకున్నారు. ఆ మేకలు మొన్న మొన్నటిదాకా ఆ గోడ మీద ఉన్నాయి.

ఆయన సాయంతోనే ఆర్ట్ కాలేజీలో చేరింది. అక్కడ అన్నీ నేర్చుకుంది, బాగా నేర్చుకుంది. పలచని నీటిరంగులు, పొడుగు కళ్ళ స్త్రీలు, వంచిన మెడలు. బహుమతులు వచ్చాయి. మా పెళ్ళయ్యాక ఒక మధ్యాహ్నం ఆ బొమ్మలన్నీ మంచం కింద నుంచి తీసి నాకు చూపించింది. బాగున్నాయన్నాను. "బాగానే ఉన్నాయి. అరువు కళ్ళు" అని మళ్ళీ మంచం కిందికి తోసేసింది.

నేను విజయనగరంలో బి.ఏ. చదివి, రేవు ఆఫీసులో ఉత్తరాలు చిత్తు రాసే ఉద్యోగానికి వచ్చాను. ఒకరు సంతకం చేసే ఉత్తరాన్ని ఇంకొకడు రాయడం. ముప్పై ఏళ్ళు అదే చేశాను. ఒక్క మాట ఎక్కువ కాకూడదు, తక్కువ కాకూడదు. పెళ్ళిచూపుల నాడు మా అత్తగారు దాచకుండా చెప్పేసింది: "బొమ్మలు బాగా ఏస్తాది బావూ. వంటంటావా, అంతంతమాత్రమే." రెండూ నిజమే. పెళ్ళి నాడు మామగారు మా ఇద్దరి తలల మీదా చేతులుంచి "పచ్చగా ఉండండి" అన్నాడు. అంతకంటే మాట్లాడలేదు. నాలాగే మితభాషి.

ఆయన ఒక్క విషయం వచ్చినప్పుడే మాట్లాడేవాడు. ఊరి పొలాలు. ఏ గట్టు పక్కన ఏ మడి, నాట్లు వేసిన ఎన్నో రోజుకు ఏ రంగు, గాలి వీస్తే ఆ రంగు ఎటు వంగుతుంది. సొంత సెంటు లేదు. కూలికి దిగిన పొలాలే. ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి వచ్చి, నేల మీద కూర్చుని, కూతురికి ఆ రంగు చెప్పేవాడు. ఆమె ఆ ఊరు వెళ్ళింది ఒక్కసారే, ఎండాకాలంలో. కోసిన మోళ్ళు చూసి వచ్చింది.

మేమప్పుడు ఏక్‌బాల్‌పూర్‌లో కింది అంతస్తులో ఒకే గదిలో ఉండేవాళ్ళం. వానాకాలం వస్తే గోడలు నేల నుంచి నడుము ఎత్తు దాకా పాకుడు పట్టేవి. నేను గోకి సున్నం వేద్దామంటే ఆమె పడనీయలేదు. గోడ పక్కనే పీట వేసుకుని కూర్చుని రోజూ చూసేది. "మా అయ్య సెప్పిన పచ్చ నాను సూడనేదు. ఇదే సూసినాను. దీంతోనే ఏస్తాను" అంది.

దుకాణంలో దొరికే ఆకుపచ్చ గొట్టం ఆమె కొనలేదు. పసుపులో నలుపు కలిపేది. పసుపూ నలుపూ కలిస్తే పచ్చ వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. లోపల చీకటి ఉన్న పచ్చ. తడిగా ఉన్నప్పుడు ఒకలా, ఆరాక ఇంకోలా. వరి మడులు తొమ్మిది వేసింది, తొమ్మిదీ ఒక గోడ మీద పుట్టినవి. ఆ వానాకాలమంతా గదిలో నూనె వాసన. ఆమె గోళ్ళ కింద ఆ రంగు క్రిస్మస్ దాకా పోలేదు.

ఒక చిన్న హాలు దొరికింది. మొదటి సొంత ప్రదర్శన. ముందు రోజు మధ్యాహ్నం ఆమె నిచ్చెన మీద ఉంది, నోట్లో మేకులు. పేర్ల కార్డులు అచ్చుకివ్వాలని కింద నుంచి అడిగాను. మేకులు తీసి, "పచ్చ అని రాయించీండి. ఒకటి నుంచి తొమ్మిది దాకా" అంది.

నేను ప్రెస్సుకు వెళ్ళాను. కలకత్తా వచ్చి రెండేళ్ళు కాలేదు. బెంగాలీ చెవికి కొంత పట్టింది, అక్షరాలు రావు. కంపోజిటరుకు "పచ్చ" అని చెప్పాను.

అతను తలెత్తి చూశాడు. "పొచా? ఠీక్ తో, దాదా?" అన్నాడు, అదే కదా అన్నట్టు.

నాకు తేడా తెలియలేదు. తెలిసినట్టే అనుకున్నాను, అదే అసలు తప్పు. బెంగాలీల నోట మన అకారం ఒకారమవుతుంది. ఆఫీసులో నా పేరును కూడా అలాగే గుండ్రంగా చేసి పిలిచేవారు. పచ్చను పొచా అనడం వాళ్ళ యాస అనుకున్నాను. అవునని తలూపాను. అతను ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి ఊపాను.

పొద్దున్న కార్డులు పెట్టాక ఆమె వచ్చి చదివింది. వాట్‌గంజ్ పిల్ల, ఆ భాష ఆమెకు ఊపిరి లాంటిది. మొదటి కార్డు చదివి, రెండోది చదివి, నా వైపు తిరిగింది.

"ఏటి సెప్పేరు ఆళ్ళకి?"

"పచ్చ అని."

"కుళ్ళిపోనాదని కొట్టించేరు."

ఒక్క క్షణం చూసి నవ్వడం మొదలుపెట్టింది. నేల మీద కూర్చుండిపోయి, పమిట నోట్లో కుక్కుకుని నవ్వింది. నేను కార్డులు పీకబోయాను. అప్పటికే మెట్ల మీద చెప్పుల చప్పుడు. "ఉంచీండి. కార్డు నేకుండా ఉంటే బాగోదు" అంది.

మధ్యాహ్నం మామగారు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తడి దువ్వెనతో దువ్విన తల. ఆయనకు బెంగాలీ చదవడం రాదు. కానీ నలభై ఏళ్ళు ఆ భాషలోనే కేకలు తిన్న మనిషి. హాలులో జనం ప్రతి బొమ్మ దగ్గరా "పొచా, పొచా" అంటున్నారు. ఆయన తొమ్మిదింటినీ చూసి కూతురి దగ్గరికి వచ్చాడు.

"నా ఊరి సేలు కుళ్ళిపోనాయని రాసినావేటమ్మా?"

"కాదయ్యా! పచ్చ. పచ్చ అనే రాయించినాను. ప్రెస్సోడు తప్పు కొట్టీసినాడు."

నేను ఆమె పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. ఆమె నన్ను కాపాడింది, నేను కాపాడనిచ్చాను.

"అలగా" అన్నాడాయన. మళ్ళీ ఒకసారి గోడల వైపు చూశాడు. "అచ్చేసినాక ఇంకేటుంది" అని మెల్లగా మెట్లు దిగిపోయాడు. ఆ తర్వాత కూతురి ప్రదర్శనకు ఎప్పుడూ రాలేదు. ఆదివారాలు వచ్చేవాడు, కూర్చునేవాడు. పొలాల మాట మళ్ళీ ఎత్తలేదు. రెండేళ్ళకు పోయాడు.

అదే రోజు సాయంత్రం ఒక పెద్ద విమర్శకుడు వచ్చాడు. ఆ బొమ్మల ముందు గంటసేపు నిలబడ్డాడు. తన నగరాన్ని కుళ్ళిందని పేరు పెట్టి చెప్పగల ధైర్యం ఈ అమ్మాయికి ఉందని రాశాడు. ఆ వ్యాసంతో తొమ్మిదీ అమ్ముడుపోయాయి. ఆమె పేరు ఊరికి తెలిసింది, తర్వాత దేశానికి. పొచా అనేది ఒక శైలి పేరయింది.

సరిదిద్దుదామని నేను చాలాసార్లు అన్నాను. ఆమె ఒకే జవాబు చెప్పేది: "ఆళ్ళు పేరు సూసి వచ్చేరు, బొమ్మ సూసి ఎల్లేరు. సాలదా?" ఒకసారి మాత్రం ఇలా అంది: "ఆయన రాసింది అబద్ధం కాదండీ. పాకుడు కుళ్ళులోంచే పుడతాది. కాని దాని పేరు అది కాదు."

నాలుగేళ్ళకు ఆమె ఆ పచ్చను వదిలేసింది. నల్ల సిరాలోకి వెళ్ళింది. క్రేన్లు, తాళ్ళు, కొక్కేలు, అన్నీ గీతలే. బొమ్మలు అమ్మిపెట్టే పెద్దమనిషి మా ఇంటికి వచ్చి బతిమాలాడు. "దీదీ, ఇంకొక్క రెండు పొచా వేసివ్వండి. జనం అడుగుతున్నారు." ఆయనకు టీ ఇచ్చి పంపించి, తలుపేసి నాతో అంది: "పచారీ కొట్టనుకుంటన్నాడేటి, ఇంకో రెండు పొచా తూచీమంటే?"

శైలి ఎందుకు మారుస్తారని అడిగిన వాళ్ళకు ఆమె పెద్ద జవాబులు చెప్పలేదు. "సెయ్యికి వచ్చీసిందంటే మానీయాల" అనేది. చేయి తనంతట తాను నడవడం మొదలుపెడితే ఆమెకు భయం. నల్ల సిరా చేతికి వచ్చేసిన రోజున ఆ సీసాలు పక్కింటి పిల్లలకిచ్చేసి, బస్సెక్కి మెటియాబ్రుజ్ వెళ్ళింది. అక్కడ దర్జీల దుకాణాల్లో కత్తిరింపు ముక్కలు నేల మీద గుట్టలుగా ఉంటాయి. ఒక ముసలి మాస్టరుగారి దుకాణంలో రోజూ కూర్చుని ముక్కలు ఏరేది. ఆయన మొదట చాలారోజులు, పాపం కుట్టు నేర్చుకోవడానికి వచ్చిన ఆవిడ అనుకున్నాడట. కాజా కుట్టడం నేర్పబోయాడు. నేర్చుకుంది కూడా. ఆ గుడ్డ ముక్కల చిత్రాలు పెద్ద పెద్ద గోడల మీదికి వెళ్ళాయి. నా చొక్కాల గుండీలు మాత్రం నేనే కుట్టుకున్నాను.

చివరి రెండేళ్ళు పెన్సిలు. చేయంత కాగితం. గ్లాసు, చాకు, నా కళ్ళజోడు, ఎండుతున్న తువ్వాలు. ఉన్నది ఉన్నట్టు. డెబ్బై దాటిన మనిషి, దేశమంతా తెలిసిన చిత్రకారిణి, ఒక గ్లాసు అంచు కుదరలేదని మూడుసార్లు చెరిపేది. "ఇప్పుడు గీయడం నేర్సుకుంటన్నాను" అనేది. ఈ బొమ్మలు చూసి పత్రికల వాళ్ళు నిరాశపడ్డారు. ఆమెలో అంత సంతోషం నేను అంతకు ముందు చూడలేదు.

జబ్బు గురించి రాయను. చివరి వారంలో ఒక ఉదయం తలగడ ఎత్తుచేసి పెడుతుంటే నా చేయి పట్టుకుంది.

"ఆ తొమ్మిదింటికీ పేరు సరిజేయించండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మిగతావి ఆళ్ళ ఇష్టం. ఆ తొమ్మిదీ మా అయ్యవి."

ఇన్నేళ్ళూ నవ్వి ఊరుకున్నది నా కోసమని నాకు అప్పుడు తెలిసింది. తెలిసిందనడం తప్పు. ఎప్పుడూ తెలుసు. అడగలేదు.

సంస్మరణ ప్రదర్శన చూసుకుంటున్నది ఒక యువతి. నెమ్మదైన పిల్ల. నన్ను మేసోమోశాయ్ అంటుంది, మన బాబాయిగారు లాంటి పిలుపు. మా అమ్మాయితో కలిసి వెళ్ళి విషయం చెప్పాను.

"మేసోమోశాయ్, ఆ పేరుతో పుస్తకాలున్నాయి. పిల్లలు పాఠంగా చదువుతున్నారు. ఆ పేరు ఇప్పుడు మీదీ కాదు, ఆవిడదీ కాదు." మళ్ళీ తనే, "ఆవిడ ఎక్కడైనా రాసిపెట్టారా?" అంది.

రాసిపెట్టలేదు. మా అమ్మాయి నా కంటే ముందు అందుకుంది. ఇంట్లో మాట్లాడే తెలుగు తప్ప దానికి తెలుగు రాదు, చదవలేదు. నా వైపు తిరిగి, "నాన్నా, నువ్వే బోలో. నువ్వు సెయ్యలేదేటి ఆ పని? నువ్వే సాక్షివి కదా" అంది.

కాగితం అడిగాను. ముప్పై ఏళ్ళు ఇతరుల సంతకాల కోసం రాశాను. నా సంతకం కోసం రాసినవి తక్కువ. మూడు వాక్యాలు పట్టాయి. ఈ తొమ్మిది చిత్రాలకు నా భార్య పెట్టిన పేరు పచ్చ. పొచా అని అచ్చు వేయించింది నేను. ప్రెస్సు తప్పు లేదు.

కంపోజిటరు రెండుసార్లు అడిగిన సంగతి ఆ పిల్లకు అప్పుడు చెప్పాను. ఆమె కాగితం చదివి కళ్ళు తుడుచుకుంది. "సరే. మారుద్దాం" అంది. వెంటనే పచ్చ అని బెంగాలీ అక్షరాల్లో రాసి, పైకి చదివింది: "పొచ్చో."

ముగ్గురం ఒకరినొకరు చూసుకున్నాం. ఇంకోలా రాసింది. "పాచ్చా." మరోలా రాసింది. అదీ కాలేదు. నా భార్య పోయాక మేము మొదటిసారి నవ్వింది అప్పుడే. ఎలా రాసినా ఆ అక్షరాల్లో ఆ పేరు ఇమడలేదు. చివరికి తెలుగులోనే ఉంచాలని, కింద చిన్నగా బెంగాలీలో అర్థం ఇవ్వాలని నిర్ణయించాం. ఈసారి ప్రెస్సుకు ఇవ్వలేదు. తొమ్మిది కార్డులూ నేనే రాశాను. చ వత్తు రెండు కార్డుల్లో వంకరగా ఉంటుంది. మా అమ్మాయి అంటించింది. ఒకటి తలకిందులుగా అంటించింది. సరిచేశాను.

ప్రదర్శన మొదలైన రోజు పెద్దలు వచ్చారు, మాట్లాడారు. కార్డుల దగ్గర ఆగి కింది చిన్న అక్షరాలు చదివి వెళ్ళారు. కొందరు చిరాకుపడ్డారని విన్నాను. నాకు అనిపించింది ఒక్కటే: పేరు గోడ మీద ఉంది, కానీ ఇంకా ఎవరూ దాన్ని పలకలేదు.

ఆదివారం మధ్యాహ్నం మా చర్చి ఆడవాళ్ళు వచ్చారు. ఆరాధన అయ్యాక తెల్లచీరల్లోనే, రెండు బస్సులు మారి. ఏనాడూ అలాంటి హాలులో అడుగుపెట్టిన వాళ్ళు కారు. మునిసిపాలిటీలో ఊడ్చే పని చేసి రిటైరైన ఒకావిడ ముందు నడిచింది. నా భార్యను వదినా అని పిలిచేది. చెప్పులు బయట విప్పాలేమోనని గుమ్మంలో ఆగింది. అక్కర్లేదన్నాను.

ఆమె చదువు బైబిలు చదువు. మొదటి కార్డు దగ్గర వంగి, వేలు గాలిలో నడుపుతూ, వాక్యం చదివినట్టు గట్టిగా చదివింది.

"ప... చ్చ. పచ్చ."

హాలులో ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. ఆమె రెండో బొమ్మకు వెళ్ళింది. "పచ్చ." మూడోది. "పచ్చ." ఒక్కటీ వదల్లేదు, ఒక్కటీ తగ్గించి చదవలేదు. తొమ్మిదో దాని దగ్గర నన్ను అడిగింది.

"అన్నీ పచ్చేనా బావూ?"

"అన్నీ పచ్చే."

"ఇదేటి, వరిసేనా? గోడ మీద పాకుడునాగుంది."

"రెండూనమ్మా."

ఆమె కళ్ళజోడు తీసి పమిట చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. ఈసారి కార్డు చూడలేదు. వెనక్కి రెండడుగులు వేసి బొమ్మను చూసింది. చూస్తూనే ఉంది. నా నీడ దాని మీద పడుతోందని పక్కకు జరిగాను.